రెండు పళ్ళ తేడా

మెకానిక్కులకు కాలం చెల్లింది! ఊరికే అనడం లేదు, బాగా ఆలోచించే అంటున్నాను. ఫోన్ చేతిలో ఉన్న ప్రతి మగాడూ ఇప్పుడు ఇంజనీరే. విద్య ఇంత చవకగా, ఇలా ఇల్లిల్లూ తిరిగి దొరికిన రోజు ఇంకోటి ఉందా చెప్పండి?

పూర్వం పని నేర్చుకోవాలంటే ఎవరి దగ్గరో ఏళ్ళ తరబడి తిట్లు తినాలి. ఇప్పుడు ఓ చిన్న వీడియో చాలు. స్పీడు రెట్టింపు చేసుకుంటే అందులో సగమే. పళ్ళు తోముకుంటూ ప్లంబర్ అయిపోవచ్చు, టీ చల్లారేలోగా ఎలక్ట్రీషియన్ అయిపోవచ్చు. మా వీధిలో ఒకాయన ఇలాగే తన ఫ్రిజ్ తానే బాగుచేసుకున్నాడు. ఇప్పుడు అందులో చెప్పులు పెట్టుకుంటున్నారు. ఇంట్లో ఎంత చోటు కలిసొచ్చిందో!

నమ్మరా? అయితే మా బావ సంగతి వినండి.

మా అక్క రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. తెల్లారేసరికి అక్కడ జనం ఖాళీ కడుపులతో, చొక్కా చేతులు మడుచుకుని కూర్చుని ఉంటారు. ఆ వేళకి బస్సులుండవు. అందుకే కష్టపడి మోటార్‌సైకిల్ కొనుక్కుంది. ఒకట్రెండుసార్లు ఆలస్యమయ్యేసరికి మేనేజర్ మొహం మీదే చెప్పేశాడు: "ఇంకోసారి లేటైతే రానక్కర్లేదమ్మా." అంటే బండి కదిలితేనే ఉద్యోగం. అక్కకి ఈ సంగతి తెలుసు. బావకీ తెలుసు.

ఇంజిన్‌లోంచి చిన్నగా టిక్ టిక్‌మని చప్పుడొస్తోందని అక్క మధ్యాహ్నం భోజనాల దగ్గర నోరు జారింది. కర్టెన్లు అమ్ముకునే మా బావ కళ్ళు ఒక్కసారి వెలిగిపోయాయి.

"క్యామ్ చైన్ వదులైంది. నేను మార్చేస్తాగా!"

"వద్దండీ, సెలవు రోజున మెకానిక్‌కి ఇస్తాను. రేపు పొద్దున్నే నాకు బండి కావాలి."

"సాయంత్రానికల్లా నీ చేతిలో పెడతానే. నా మీద ఆమాత్రం నమ్మకం లేదూ?"

పెళ్ళయిన ఆడమనిషి దగ్గర ఈ ప్రశ్నకు జవాబేముంటుంది? పొద్దుటి డ్యూటీ అలసటకి అక్క ఓ కునుకు తీసి లేచేలోగా, వరండాలో పరిచిన పాత కర్టెన్ మీద ఇంజిన్ ముక్కలు ముక్కలుగా ఆరబెట్టి ఉంది.

ఇక్కడ మీకు కాస్త జ్ఞానం పంచుతాను, నేనూ వీడియోలు చూస్తాను మరి. ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంటే, పైన క్యామ్‌షాఫ్ట్ తిరుగుతూ వాల్వులు తెరిచి మూస్తుంది. ఇద్దరికీ వేళ కుదరాలి. పిస్టన్ పైకొచ్చేసరికి వాల్వు దారి వదలాలి. ఇద్దర్నీ కలిపి తిప్పేది క్యామ్ చైన్. అందుకే అది పట్టుకునే కింది పళ్ళచక్రం మీదో గుర్తు, పై పళ్ళచక్రం మీదో గుర్తు పెడతారు. రెండూ వాటి వాటి గీతలకు కలిపి చైన్ వేస్తే టైమింగ్ కుదిరినట్టే.

బావ గుర్తులు బ్రహ్మాండంగా కలిపాడు! చైన్ వదులు మాత్రం ఉండకూడని పక్క మిగిలిపోయింది. చైన్‌ని నెట్టిపట్టే టెన్షనర్ బిగించగానే పై చక్రం రెండు పళ్ళు పక్కకు జరిగింది. ఎవరికి కనపడుతుంది? "స్టార్ట్ చేసే ముందు ఇంజిన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ చూసుకోండి" అని వీడియోలో గురువుగారు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. బావకది సోదిలా అనిపించి ముందుకు జరిపేశాడు. బటన్ నొక్కాడు.

గిన్నెల బుట్ట మెట్ల మీద నుంచి దొర్లినట్టు చప్పుడైంది. పిస్టన్ గుద్దుకుని వాల్వులు వంగిపోయాయి.

బావ బెదిరాడనుకున్నారా? "ఈ రోజుల్లో ఇనుములో క్వాలిటీ ఎక్కడుందే!" అని చేతులు తుడుచుకున్నాడు. అంతటితో ఆగలేదు, లోకం బాగు కోరి తన పనంతా ఫోన్‌లో తీసిన వీడియో జనం మీదకు వదిలాడు. గుర్తులు కలిసి మిలమిలలాడే దగ్గర "చూశారుగా ఫ్రెండ్స్, ఇంత సింపుల్!" అని ముగించాడు. బటన్ నొక్కిన ముక్క అందులో లేదు. అంత చిన్న విషయంతో జనాన్ని విసిగించడం దేనికి?

మొన్న అక్క బస్సులో వెళుతుంటే పక్క సీటాయన ఫోన్‌లో తలదూర్చి అదే వీడియో చూస్తున్నాడట.

"ఎంత విడమరిచి చెబుతున్నాడో చూడండమ్మా! ఈ ఆదివారం మా ఆవిడ బండి విప్పేస్తా."

"ఆ బండి నాదేనండీ" అంది అక్క. "చెబుతున్నది మా ఆయన."

ఆయన లేచి దండం పెట్టినంత పని చేశాడు. "అదృష్టవంతులండీ! మరి ఇంట్లో అంత పనిమంతుణ్ణి పెట్టుకుని ఈ బస్సుల్లో ఎక్కడికమ్మా?"

"ఉద్యోగం వెతుక్కోవడానికి" అంది అక్క. "మీరు విప్పేముందు మీ ఆవిణ్ణి ఒక్కమాట అడగండి. వద్దంటే, ఆ మాట వినండి."