దొరకు క్షవరం

ఆ మంగళవారం పొద్దున పంకజాక్షి పెట్టుకున్న పని ఒక్కటే. దొరకు ఉన్ని కత్తిరించాలి.

దొర అంటే మనిషి కాదు, పొట్టేలు. గొర్రెల జాతిని బాగుచేస్తామని సర్కారువాళ్లు ఎక్కడో చలిదేశం నుంచి ఓడలో తెప్పించి, ఆమె మొగుడు ధనంజయ మందలో వదిలిన సీమ పొట్టేలు. ఆ ఇంట్లో దాన్ని 'వాడు' అనే అనేవాళ్లు. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు ఎండాకాలం అది. చిత్తూరు ఎండకు నాటు గొర్రెలే అల్లాడుతుంటే, కళ్లు కూడా కనిపించనంత ఉన్ని మోస్తున్న దొర సంగతి చెప్పాలా? నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ, మేత ముట్టకుండా రోజులు వెళ్లదీస్తున్నాడు.

దొర ఏమైపోతాడోనని పంకజాక్షికి బెంగ. ఆ ఇంటికీ ఊరికీ మధ్య ఒక ఏరు, రెండు గుట్టలు. కాణిపాకం బస్సు దిగినవాళ్లెవరూ ఇటు తిరగరు. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. ధనంజయ మంచివాడే కానీ మాటల పొదుపరి. రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు గొర్రెలకే పోయేవి. అందుకే ఆమె తన కష్టసుఖాలన్నీ దొరకు చెప్పుకొనేది. దొర జవాబు చెప్పకపోయినా చెవులు ఇటు తిప్పేవాడు. మొగుడు ఆ పాటి కూడా చేసేవాడు కాదు.

గొర్రెలకు తాగించే మందు కోసం ధనంజయ తెల్లవారుతూనే చిత్తూరు వెళ్లాడు. పంకజాక్షి మందను దొడ్లోనే ఉంచి మేత వేసి, గుడ్డలు కత్తిరించే కత్తెర తీసుకుని దొర దగ్గర కూర్చుంది. నాటు గొర్రెలకు ఉన్ని ఉండదు కనుక ఆమెకు ఈ విద్య కొత్త. కత్తిరించేకొద్దీ దొర తగ్గిపోతూ వచ్చాడు. ఇంత ఉన్నిగుట్టలో నుంచి మేకపిల్లకు అన్నలాంటి జీవం ఒకటి బయటపడింది. ఒంటినిండా కత్తెర గాట్లు. పాపం అనిపించి, పసుపు నూరి ఒళ్లంతా పట్టించింది. ఈగలు ముసురుతుంటే మెడలో వేపమండలు కట్టింది.

అప్పుడే కట్టెలమోపుతో వరదమ్మ అటు వచ్చింది. ఊళ్లో ఏ కబురైనా ఈ ముసలమ్మ నోటిమీదుగా పోవలసిందే.

"అమ్మ తల్లీ! గంగమ్మకు పొట్టేలును మొక్కుకొని, ఊరికి ఒక మాటన్నా చెప్పలేదే!"

ఆ వైపు పసుపు పూసి వేపమండలు కట్టిన పొట్టేలంటే అది గంగమ్మ సొత్తే. దాన్ని కోసి పెట్టే విందుకు వేరే పిలుపులుండవు. తెలిసినవాళ్లంతా రావాలి, వచ్చినవాళ్లను పొమ్మనకూడదు. అది మొక్కు కాదు, మందు అని చెప్పడానికి పంకజాక్షి నోరు తెరిచింది. ఈలోగా వరదమ్మ మోపు దించి, దగ్గరికొచ్చి, ఆమె గడ్డం పుణికింది.

"ఎంత చిక్కిపోయినావే! బిడ్డ కోసరమేనా మొక్కు?"

తన ముఖాన్ని ఒకరు చేత్తో తాకి ఎన్నాళ్లయిందో పంకజాక్షికి గుర్తులేదు. కాసేపు కూర్చోనిచ్చి చెబుదాంలే అనుకుని మజ్జిగ ఇచ్చింది. వరదమ్మ ఊరి కబుర్లు విప్పింది. ఎవరి కోడలు అలిగి ఎవరి ఇంటికి పోయిందో విని పంకజాక్షి పడీపడీ నవ్వింది. నవ్వు ఆగి అసలు సంగతి గుర్తొచ్చేసరికి వరదమ్మ ఏటి అవతల ఉంది.

మధ్యాహ్నానికి ఆడవాళ్లు గిన్నెలతో దిగారు. వాళ్ల వెనక మగవాళ్లు. పొయ్యికి రాళ్లు పెట్టేవాళ్లు, మసాలా నూరేవాళ్లు. "ఏమ్మా పంకజాచ్చీ, రోలు యాడుండాది?" అని ఒకరు, "నీ చీర శానా బాగుండాదే!" అని ఇంకొకరు. ఆ వాకిలి అంత నిండుగా ఉండటం ఆమె ఏనాడూ చూడలేదు. నిజం చెబితే ఇంతమందీ లేచిపోతారు. చెప్పకపోతే దొర పోతాడు. ఇంకొక్కరి మాట విని చెబుదాం, ఇంకొక్కరికి మంచినీళ్లిచ్చి చెబుదాం అని వాయిదా వేస్తూనే ఉంది. గంగమ్మ గుడి పూజారి గురప్ప గుడ్డలో చుట్టిన కత్తితో వచ్చి కూర్చున్నప్పుడు మాత్రం మంచినీళ్ల చెంబు కింద పెట్టేసింది. మొగుడొస్తే ఆయనే చెప్పేస్తాడని గుట్టవైపు చూస్తూ నిలబడింది.

పొద్దు వాలుతుండగా మొగుడు వచ్చాడు. ముందు పలకలు వాయించేవాళ్లు, వెనక పూలదండతో ధనంజయ. బస్సు దిగగానే ఎవరో, "మీ ఇంట్లో గంగమ్మ దేవరంట గదప్పా" అన్నారట. ధనంజయ దారంతా ఆలోచించాడు. ఆరేళ్లలో తనకేం కావాలో ఆమె చెప్పలేదు, తానూ అడగలేదు. బిడ్డ కోసం దొరను ఇచ్చుకుంటానని ఆమె మొక్కుకుంటే కాదనడానికి తానెవరు? తనవంతుగా పలకలవాళ్లను పిలుచుకుని, దుఃఖం దిగమింగుకుని వచ్చాడు.

వచ్చి దొరకోసం వెతికాడు. పసుపు పచ్చగా నిలబడ్డ ఆ బక్కజీవం ఎవరో ఆయనకు తెలియలేదు.

"దొర యాడ?" అన్నాడు.

"వాడే. పలకలెందుకు పిలుచుకొచ్చినావు మామా?"

"నువ్వు మొక్కుకొన్నావంట గదా!"

"నేనెప్పుడు మొక్కుకొంటిని? కత్తెర గాట్లకు పసుపు పూసినాను, అంతే."

ధనంజయ చేతిలోని పూలదండ దించాడు. "ఆ మాట వీళ్లకు చెప్పకూడదా?"

"చెప్తే అందురూ ఎనక్కి పోతారు గదా మామా."

ధనంజయ తిన్నగా గురప్ప దగ్గరికి వెళ్లి, "ఒక మాట..." అన్నాడు. తాను పిలుచుకొచ్చిన పలకలే ఆ మాటను మింగేశాయి. "మాటలు తర్వాతప్పా, పొద్దు గుంకతా ఉండాది" అని గురప్ప లేచాడు.

ఇక పంకజాక్షి ఆగలేకపోయింది. దొరకు అడ్డంగా నిలబడి, "ఇది గంగమ్మ పొట్టేలు కాదు! నేనే మొక్కూ మొక్కలేదు! అది మందుకు పూసిన పసుపు!" అని అరిచింది.

పలకలు ఆగాయి. గురప్ప జాలిగా నవ్వాడు. "కడాకు అందురూ ఇట్లనే అంటారమ్మా. సాకిన చెయ్యి గదా, మనసొప్పదు." ఆడవాళ్లు కళ్లొత్తుకుంటూ ఆమెను ఓదార్చి పక్కకు తీసుకుపోయారు. పొద్దుటినుంచీ ఊరికి ఆమె చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని నమ్మినవాడు లేడు.

గురప్ప కడవెడు పసుపునీళ్లు దొర వీపున పోశాడు. నీళ్లు పడగానే పొట్టేలు ఒళ్లు విదిలించాలి. విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఆ తరవాతే కత్తి. ఎక్కడైనా గొర్రె విదిలించకుండా ఉంటుందా? దొర ఉన్నాడు. వచ్చినప్పటినుంచీ వేడికి ఉడికిపోయిన ఒంటికి, మొదటిసారి అడ్డం లేకుండా చల్లటి నీళ్లు తగిలాయి. హాయిగా కళ్లు మూసుకున్నాడు. మరో కడవ పోశారు. ముందుకాళ్లు మడిచాడు. ఇంకో కడవ పోశారు. బురదలో గడ్డం ఆనించి పడుకున్నాడు. పలకలు హోరెత్తాయి. గురప్ప చెమటలు కక్కుతూ, "విదిలించురా, విదిలించు" అని బతిమాలాడు. దొర గురక పెట్టాడు.

"అమ్మోరు ఒప్పుకోలేదు" అన్నాడు చివరికి గురప్ప, కత్తిని మళ్లీ గుడ్డలో చుడుతూ.

"మొక్కు మనసారా మొక్కినట్టు లేదే" అంది వరదమ్మ.

"అదే గదా అవ్వా నేను చెప్తా ఉండేది!"

పంకజాక్షి దొరను వాటేసుకుని ఏడ్చింది. తలెత్తేసరికి జనం ఖాళీ గిన్నెలు చేతపట్టుకుని లేస్తున్నారు. దొర దక్కిన సంతోషం మీద మళ్లీ ఒంటరితనం వచ్చి కూర్చుంది. అప్పుడు ధనంజయ, పదిమందిలో ఎన్నడూ నోరెత్తనివాడు, వాకిట్లోకి వచ్చాడు.

"తినిపోండి. సంగటి కెలికిస్తాము. నంజుకోను చెనక్కాయల ఊరిబిండి ఉండాది. ఉత్తకడుపుల్తో పోతే మా ఆడమనిషి నిద్రపోదు."

అన్ని మాటలు ఒక్కసారి విని పంకజాక్షి విస్తుపోయింది. అందరూ కూర్చున్నారు, తిన్నారు. చేయి కడుక్కుంటూ గురప్ప తీర్పు చెప్పాడు. "ఒకసారి కాదంటే విడిచేది కాదు. అమ్మోరు ఒప్పుకొనేదాకా మంగళారం మంగళారం అందురమూ వచ్చి నీళ్లు పోయాల్సిందే."

పంకజాక్షికి ప్రాణం లేచివచ్చింది, వెంటనే జారిపోయింది. వారం వారం జనం వస్తారు. కానీ ఉన్ని పెరిగి ఒళ్లు ఉడికి చిరాకెత్తిన రోజున దొర విదిలిస్తే? ఆమె మొగుడివైపు చూసింది. ధనంజయ గొర్రెలవైపు కాక ఆమెవైపే చూస్తూ, "రేపు కత్తెర సాన పట్టించుకొస్తాలే" అన్నాడు.

ఆ తరవాత ప్రతి మంగళవారం ఊరంతా వచ్చింది. నున్నగా గొరిగిన దొర నీళ్లు పోయించుకుని నిద్రపోయేవాడు. జనం సంగటి తిని పోయేవాళ్లు. వచ్చినవాళ్లు వచ్చినట్టు "దొర ఎట్లుండాడమ్మా?" అని అడిగేవాళ్లు.

"బాగుండాడు. తక్కిన ఆరు దినాలే పాపం, వానికి పొద్దు పోదు" అనేది పంకజాక్షి.