తోడల్లుడి కారుకి తుప్పు

కొత్త కారు చక్రం వెనక, బ్రేకు డిస్కు నిండా ఎర్రటి తుప్పు! చూడగానే పెద్దల్లుడి గుండె ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. ఆ కారు అతనిది కాదు, తోడల్లుడిది.

పదకొండేళ్ళుగా మామగారు ఎక్కడికి వెళ్ళాలన్నా పెద్దల్లుడి కారే. ముందు సీటు మామగారిది, స్టీరింగు అతనిది. వెనక సీట్లో నోరెత్తకుండా కూర్చునేవాడు చిన్నల్లుడు. ఆ చిన్నల్లుడు నిన్న సాయంత్రం నెల కూడా నిండని కొత్త కారులో దిగాడు. ఇవాళ పదింటికి మామగారిని కంటి డాక్టరుకి చూపించాలి. "కొత్త కారులో వెళ్దాం, కుదుపులుండవు" అనేశారు అత్తగారు. పదకొండేళ్ళ సేవ ఒక్క మాటలో కుదుపుల కింద తేలిపోయింది. ఆ మాట మింగుడుపడక పెద్దల్లుడికి భోజనం కూడా సహించలేదు.

"తమ్ముడూ! ఒకసారి బయటికి రా. కంగారుపడకు!" అని వీధంతా కంగారుపడేలా కేక పెట్టాడు.

చిన్నల్లుడు నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు. చక్రం కన్నాల్లోంచి తొంగిచూశాడు. నురగ మింగేశాడు.

"ఇదేంటన్నయ్యగారూ! నిన్న అద్దంలా ఉంది కదా!"

"నా పాతదాన్ని చూడు, ఎలా మెరుస్తోందో. నీ తప్పేం లేదులే తమ్ముడూ. ఎక్కడో నీళ్ళలో మునిగిన బండిని నీకు అంటగట్టారు."

మునిగిన బండి అన్న మాట చెవిన పడగానే చిన్న కూతురు ఏడుపందుకుంది. "ఆ తెల్ల రంగు వద్దు మొర్రో అంటే విన్నారా?"

"తెలుపుకీ తుప్పుకీ సంబంధం ఏంటే?" అంది అక్క.

"నీకేం, మీ ఆయన కారు మెరుస్తోందిగా!"

అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టారు. "మీ గొడవ తర్వాత. నా కుట్టుమిషన్ నూనె డబ్బా ఎవరైనా చూశారా?"

ఆవిడ పక్కింటావిడతో "బ్రేకులకి తుప్పటండీ" అన్నారు. పక్కింటావిడ లోపలికెళ్ళి "బ్రేకులే లేవట" అంది. రెండు నిమిషాల్లో పక్కింటాయన దూదీ కట్లూ పట్టుకొచ్చి, "దెబ్బలెవరికి?" అన్నాడు.

చిన్నల్లుడు షోరూముకి ఫోన్ చేశాడు. బండి తీసుకురమ్మన్నారు.

"బ్రేకులు పోయిన బండి ఎలా నడుపుతావు? పిల్లలుగలవాడివి!" అన్నాడు పెద్దల్లుడు, ప్రేమ ఒలకబోస్తూ. దాంతో చిన్నల్లుడు కారుని లాక్కెళ్ళే టోయింగ్ బండిని పిలిచాడు. అది వచ్చి గేటుకి అడ్డంగా ఆగింది.

"మామయ్యగారూ, పదండి. ఎంతైనా మన పాతదే దిక్కు" అంటూ పెద్దల్లుడు తన కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

మామగారు ముప్పయ్యేళ్ళు రైలు గార్డుగా చేసిన మనిషి. బ్రేకు అన్న మాట వింటే, స్వయంగా చూసుకోనిదే ఆయన కాలు ముందుకు పడదు. కంటికి పొర కమ్మి తుప్పు ఆనలేదు కాబట్టి, వంగి కొత్త కారు చక్రం కన్నంలోంచి డిస్కుని వేలితో రాశారు. ఎర్రటి పొడి అంటుకుంది.

టోయింగ్ డ్రైవర్ నవ్వేశాడు. "దీనికా సార్ నన్ను పిలిచారు? డిస్కు ఉత్త ఇనుము. తడిసి రాత్రంతా కదలకుండా ఉంటే పైపైన ఇలాగే పూస్తుంది. మెల్లగా పోతూ నాలుగుసార్లు తొక్కితే బ్రేకు ప్యాడ్లే ఆ తుప్పుని గీకేస్తాయి."

"రాత్రి వాన పడలేదే?" అని మామగారు పాత కారు వైపు తిరిగారు.

"వద్దు మామయ్యగారూ, చేతికి మసవుతుంది!" అని పెద్దల్లుడు అడ్డొచ్చాడు.

అప్పటికే వేలు లోపలికెళ్ళింది. వెళ్ళి, జర్రున జారింది. ఆయన వేలు వాసన చూశారు.

"ఏమేవ్! నీ మిషన్ నూనె దొరికింది."

డ్రైవర్ నవ్వు ఆగిపోయింది. "డిస్కుకి నూనా! ఈ బండి మలుపులో ఆగేది కాదు సార్. తిన్నగా ఆసుపత్రిలోకే పోయేది."

మామగారు, తన కోసం తెరిచి ఉన్న ముందు తలుపుని తడిమి చూసుకున్నారు. "ఎవరు రాశారు?" అన్నారు మెల్లగా.

పెద్దల్లుడు పట్టుకున్న తలుపు వదిలేశాడు.

"నేనే మామయ్యగారూ. కొత్తదాని పక్కన నాది వెలవెలబోకూడదని నిన్న రాత్రి పైపు పెట్టి కడిగాను. సగం నీళ్ళు దానిమీదే పడ్డాయి. పొద్దున చూస్తే రెండింటికీ తుప్పే. నాది తుడిచి నూనె రాశాను, వాడిది ఊరందరికీ చూపించాను. బ్రేకు పట్టదని ఒట్టు, నాకు తెలీదు. మీరు వాడి పక్కన కూర్చుంటారంటే... ఓర్చుకోలేకపోయాను."

పది నిమిషాల తర్వాత పెద్దల్లుడికి ముందు సీటే దక్కింది, టోయింగ్ బండిలో.