ఉబ్బిన తలుపుకు జేజేలు

తలుపన్నాక వానాకాలంలో తెరుచుకోకూడదు! నవ్వకండి. గట్టి కర్ర తలుపుకి మానమర్యాదలున్నాయా? ఎవరు తోస్తే వాళ్ళకి తెరుచుకుంటుంది. ప్లైవుడ్ తలుపు అలాంటిది కాదు. నాలుగు చినుకులు పడితే చాలు, ఉబ్బి ద్వారబంధాన్ని కరుచుకుంటుంది. దొంగ రాడు. చందాలవాళ్ళు రారు. లోపలున్నవాడు బయటికి రాలేడనుకోండి, అది వేరే సంగతి.

నమ్మకపోతే అండమాన్‌లో, బాంబూఫ్లాట్ ఊళ్ళో లోకనాథం ఇంటికి వెళ్ళి చూడండి.

లోకనాథం జెట్టీలో ఫెర్రీ టికెట్లు ఇస్తాడు. అతని తాత సిక్కోలు తీరం నుంచి వల భుజాన వేసుకొని వచ్చాడు. ఇంటి చుట్టూ కనుచూపుమేరా అడవే. ఇంట్లో మాత్రం తలుపులు ప్లైవుడ్, కుర్చీలు ప్లాస్టిక్, బీరువా ఇనుము. అన్నీ ఓడెక్కి వచ్చినవే! పెరటి చెట్టుకి లోకజ్ఞానం ఏముంటుంది? మొలిచిన చోటే నిలబడుతుంది. ప్లైవుడ్ సముద్రం దాటింది. గౌరవం దేనికివ్వాలి, మీరే చెప్పండి!

ఈమధ్య ఆ ఇంటి ముందుగదిలో అతిథిగా ఐదు రోజులుండడానికి మలేసియా నుంచి గురునాథం వచ్చాడు. ముత్తాతల నాడు మన తీరం వదిలి అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళ మనిషి, రిటైరైన పంతులు. ఏ దేశం వెళితే ఆ దేశపు కర్రముక్క ఒకటి పట్టుకుపోయి, ఇంట్లో లేత్ మెషీన్ మీద గిన్నె చేసుకోవడం ఆయన సరదా.

"పిడికెడు చాలు తమ్ముడూ. పాత సామాను ముక్కైనా సరే. ఇక్కడి కర్రయితే చాలు."

"అండమాన్‌లో కర్రకి కరువా భయ్యా! మీరెళ్ళేలోగా చేతిలో పెడతాను, పక్కా!" అన్నాడు లోకనాథం. అన్నాక ద్వీపాల పరువంతా తన నెత్తినే ఉన్నట్టనిపించి, ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

మొదట అడవి అంచుకి వెళ్ళాడు. రాలిన కొమ్మనైనా అటవీశాఖ అనుమతి కాగితం లేకుండా ముట్టుకోకూడదు. న్యాయమే! మర్నాడు గోల్ ఘర్ బజార్లో చిట్టిబాబు కలప కొట్టుకి వెళ్ళాడు.

"లోకల్ కర్రా? టైమ్ లగేగా భయ్యా," అన్నాడు చిట్టిబాబు. "చెన్నై ఓడ మంగళవారం గానీ రాదు."

నాలుగో రోజు ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెక్కపలక ఒకటి దొరికింది. లోకనాథం దాన్ని చంటిపిల్లలా ఎత్తుకొచ్చాడు. గురునాథం దాని మీది అక్షరాలు చదివి నిట్టూర్చాడు.

"ఇది మా రేవు పేరు తమ్ముడూ. నేను టికెట్ కొనుక్కొని వచ్చాను. ఇది ఉత్తినే వచ్చేసింది."

ఆ పూట లోకనాథం కంచం పక్కకి నెట్టి ఇల్లంతా కలయజూశాడు. "ఇంత ఇంట్లో ఒక్క కర్రముక్క లేదేమిటమ్మా?"

"ఎక్కడున్నాయిరా? ఎప్పుడో పొయ్యిలోకెలిపోనాయి," అంది తల్లి తవిటమ్మ. నీళ్ళ డ్రమ్ము మూత మీద బరువుగా పెట్టిన రోకలిని పక్కకి తీసి, చెంబు ముంచి, మళ్ళీ రోకలిని మూత మీద పెట్టేసింది.

తెల్లవార్లూ వాన. ఉదయం విమానం అందాలంటే తొమ్మిది గంటల ఫెర్రీ ఎక్కాలి. ముందుగది తలుపు తన ధర్మం తాను నిర్వర్తించింది.

"లాగండి భయ్యా!" అని బయటి నుంచి భుజంతో తోస్తున్నాడు లోకనాథం.

"లాగాను! పిడి ఊడి చేతికొచ్చింది!" అని లోపలి నుంచి గురునాథం.

జెట్టీలో ఫెర్రీ కూత వేసింది.

"హటో! తప్పుకోరా!" అంటూ తవిటమ్మ రోకలెత్తింది. మూడో పోటుకి తలుపు మడతకాజాలా పొరలు విప్పింది. గురునాథం సంచితో సహా ఆ కంతలోంచి బయటపడి, పరిగెత్తాల్సినవాడు పరిగెత్తకుండా నిలబడిపోయాడు. రోకలి కొనకి పాత మసి రాలి, లోపల ఎర్రగా మెరుస్తోంది.

"ఇదేం కర్ర పిన్నీ?"

"కర్రేటి నాయనా, రోకలి! ఇల్లు కట్టినప్పుడు దూలాలకి పోగా మిగిలిన ఈ అడివి పడౌక్ కర్రతో మా మావగారు సేసినాడు."

"అయిదు రోజుల్నుంచి అడుగుతున్నానే!"

"నువ్వు కర్ర అడిగినావు. రోకలడిగినావా?"

లోకనాథం తల దించుకున్నాడు. తవిటమ్మ కొడుకు మొహం చూసింది, రోకలిని చూసింది. "మావగారు పొడుగాయన. పై జానెడు నాకెప్పుడూ అక్కర్రాలేదు. కోసిచ్చీరా," అంది.

కోయడం నిమిషం పని, అయిపోయింది. దీవి దాటించడానికి మళ్ళీ ఆ అనుమతి కాగితం కావాలే! ఫెర్రీ రెండో కూత వేసింది. చేసేది లేక లోకనాథం తలుపు పెచ్చు ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. "ఐదేళ్ళుగా ఇక్కడే ఉంది భయ్యా. ఇదీ లోకలే అనుకోండి."

పదిరోజులకి ఫొటో వచ్చింది. లేత్ తిరగగానే ఆ తలుపు పెచ్చు పొట్టుపొట్టై పంతులుగారి గదంతా పరుచుకుందట! ఏ కర్రకైనా ఒక్కచోటే ఉండిపోకుండా అలా విస్తరించడం చేతనవుతుందా?

కోసిన జానెడు ముక్క ఇప్పుడు లోకనాథం బీరువా మీద కాగితం కోసం కూర్చుంది. మాట తప్పనని రోజూ దరఖాస్తు చుట్టూ తిరుగుతున్నాడు. కొత్త తలుపు మంగళవారం ఓడకి వస్తుంది. ప్లైవుడ్డే, సందేహమెందుకు? అంతదాకా కుక్కలు దూరకుండా తవిటమ్మ పొట్టి రోకలిని గుమ్మానికి అడ్డంగా కట్టింది.

వారం నుంచి దాని మీద వాన పడుతూనే ఉంది. పాపం, ఎంత తడిసినా దానికి ఉబ్బడం రాదు. అందుకే కాబోలు, మన ఇళ్ళలో ఆ కర్రని మానేశాం!