గోడ దాటిన బంతే బంతి

బంతికి బ్యాటు తగిలించడమంత చవకబారు పని ఈ లోకంలో మరొకటి లేదని నాకు ఈ మధ్యే తెలిసింది. తగిలించడం ఎవరికైనా వస్తుంది. తప్పడం చూడండి! ఒళ్ళంతా గింగిరాలు తిరిగి, నెత్తిమీద టోపీ ఎగిరి పడేలా బ్యాటు ఊపి, బంతి వెనకున్నావిడ చేతిలో భద్రంగా చేరిపోయాక కూడా ఆకాశం వంక చూస్తూ నిలబడాలంటే ఎంత ఆత్మవిశ్వాసం కావాలి!

నేను చెబుతున్నది బేస్‌బాల్ గురించి. కంగారు పడకండి, క్రికెట్ ఎక్కడికీ పోలేదు. మన విశాఖలో ఆడపిల్లలకు బేస్‌బాల్ లీగ్ ఒకటి పెట్టారు. జీతాలిచ్చి మరీ ఆడిస్తున్నారు. నేను ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. మైదానంలో నాలుగు మూలలుంటాయి, వాటిని బేస్‌లంటారు. బంతిని కొట్టి మొదటి బేస్‌కి పరిగెత్తాలి. తర్వాతివాళ్ళు కొడుతుంటే రెండోది, మూడోది దాటుకుంటూ బయల్దేరిన చోటికే వస్తే ఒక పరుగు. (రోజంతా తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే రావడం గృహిణులకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.) మూడుసార్లు ఊపి మూడుసార్లూ తప్పితే అవుట్. బంతి గోడ దాటిందా, దాన్ని హోమ్ రన్ అంటారు. అప్పుడు ఆయాసపడక్కర్లేదు. పెళ్ళి ఊరేగింపులా నాలుగు బేస్‌లూ తాకుతూ చుట్టి రావచ్చు.

మావైపు జట్టు పేరు సాగర్ సునామీస్. సముద్రం ఒడ్డున కాపురముంటూ ఆ పేరు పెట్టిన ఓనరు గవర్రాజు గారి గుండె నిబ్బరానికి నమస్కారం! ఆయనది స్థలాల వ్యాపారం. మైదానం గోడ పొడుగునా ఆయన కొత్త వెంచరు ప్రకటనే. బంతి ఆ గోడ దాటితే డీజే మోగుతుంది, రంగుల పొగ లేస్తుంది, పెద్ద తెరమీద కొట్టినమ్మాయి ముఖం, పక్కనే గవర్రాజు గారి ముఖం కనబడతాయి. ఆయన ముఖం కాస్త పెద్దది.

మరి తగిలించి, మొదటి బేస్‌లో నిలబడితే ఏం మోగుతుంది? ఏమీ మోగదు. ఆ టైములో జనం మొక్కజొన్న పొత్తులు కొనుక్కుంటారు.

ఇది చాలా న్యాయమైన ఏర్పాటని నా అభిప్రాయం. మీరే చెప్పండి, రోజూ టైముకొచ్చే సిటీ బస్సుకి ఎవరైనా దండ వేశారా? కొత్త బస్సుకి వేస్తారు, కొబ్బరికాయ కొడతారు, ఫొటో దిగుతారు. రోజూ వచ్చే కుళాయి నీళ్ళను ఎవరైనా స్టేటస్‌లో పెట్టారా? మా ఇంట్లోనే చూడండి. ఏడాది పొడుగునా నేను వండే పప్పు, చారు, వేపుడు గురించి ఏ శాస్త్రవేత్తా పరిశోధన చేయలేదు. మావారు ఏడాదికోసారి బిర్యానీ వండుతారు. ఆ బిర్యానీ ఫొటో పోర్టులో ఆయన ఆఫీసు గ్రూపులో తిరుగుతుంది, బంధువుల గ్రూపులో తిరుగుతుంది, చివరికి మా గ్యాస్ సిలిండరు తెచ్చే అతను కూడా "సారు బిర్యానీ బాగా సేస్తారంటగా" అని అడుగుతాడు. అదీ హోమ్ రన్ అంటే!

ఇక అసలు విషయానికొస్తాను. సాగర్ సునామీస్‌లో మా పక్కింటి నిఖిత ఆడుతోంది. మాది కంచరపాలెం, రైలు పట్టాల పక్క వీధి. నిఖిత తల్లి అసిరమ్మ తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకి వెళ్ళి, వేలంలో చేపలు పాడుకుని, మా వీధుల్లో అమ్ముతుంది. నిఖిత డిగ్రీ అయ్యాక ఒక బట్టల షాపులో రోజంతా నిలబడే ఉద్యోగం చేసేది. జట్టులోకి తీసుకున్నాక అది మానేసింది. ఇప్పుడు జట్టులో చోటు పోతే మళ్ళీ ఆ షాపే. ఆ పిల్లకి ఆ షాపంటే ఎంత ఇష్టమో, పండక్కి చీర కొనడానికి కూడా అటు రమ్మంటే రాదు.

ఇంతకీ నిఖితలో ఒక పెద్ద లోపముంది. ఆమెకు బంతి తప్పదు.

ఎంత వేగంగా వేసినా, ఎంత వంకర తిప్పినా, బ్యాటుకి తగిలిస్తుంది. అదీ నేలబారుగా, ఇద్దరు ఫీల్డర్ల మధ్య సందులోంచి. వాళ్ళు తీసి విసిరేలోగా మొదటి బేస్‌లో నిలబడి చెమట తుడుచుకుంటూ ఉంటుంది. ఒకసారి కాదు, దాదాపు ప్రతిసారీ! ఇలాంటివాళ్ళతో ఆట ఎలా బాగుపడుతుంది?

తప్పు ఆ పిల్లది కాదు, మా వీధిది. మా పిల్లలు క్రికెట్టాడే ఖాళీ జాగా చివర ఒక గోడ ఉంది. గోడ అవతల రైల్వేవాళ్ళ జాగా, పట్టాలు, పోర్టుకి పోయే గూడ్సు బళ్ళు. బంతి అటు పడితే గేటు దాకా చుట్టూ తిరిగి వెళ్ళి, గూడ్సు పోయేదాకా ఆగి, అక్కడి కాపలా ఆయన్ని బతిమాలి తెచ్చుకోవాలి. అందుకని మా వీధిలో రెండే రూల్సు. గోడ దాటితే అవుట్. కొట్టినవాళ్ళే తెచ్చుకోవాలి. నడక రాని పిల్లలకు కూడా ఈ రెండూ వచ్చు. నిఖిత ఆ జాగాలోనే పెరిగింది. లోకమంతా సిక్సరు కొట్టినవాణ్ణి భుజాన ఎత్తుకుంటుంటే, మా కంచరపాలెంలో వాణ్ణి తిట్టి గేటు దాకా తరిమేవాళ్ళం. ఎంత వెనకబడి ఉన్నామో చూడండి!

కోచ్ సాయిశంకర్ మంచివాడే. అతని దగ్గర ఫోనులో ఒక యాప్ ఉంది. బంతి ఎంత దూరం పోయిందో, ఎంత వేగంగా పోయిందో చెబుతుంది. బేస్‌కి చేరారా లేదా అన్నది చెప్పదు, అంత చిన్న విషయాలు దానికి పట్టవు. ఒకరోజు ప్రాక్టీసు చూడ్డానికి వెళితే అతను నిఖితకు నచ్చజెబుతున్నాడు.

"నువ్వు బేస్‌కి వెళ్తన్నావమ్మా, కాదనను. కానీ యాప్‌లో ఏటీ రాట్లేదు."

యాప్‌లో వచ్చేది పుష్ప. జట్టులో స్టారు. బ్యాటు ఊపితే ముందు వరస వాళ్ళకు చల్లగా గాలి తగులుతుంది. ఎండాకాలం మ్యాచులకు అది కూడా ఒక సౌకర్యమే కదా! ఎప్పుడైనా తగిలితే బంతి గోడ అవతల పెళ్ళిళ్ళ హాల్లో పడుతుంది. మంచి పిల్ల, ఒకటి మాత్రం గమనించాను. పుష్ప కొట్టేటప్పటికి బేస్‌లో నిఖిత నిలబడి ఉంటే రెండు పరుగులు వస్తాయి, లేకపోతే ఒకటే. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. గృహిణులకు లెక్కలు రావని అందరికీ తెలుసు.

అసిరమ్మ కూడా పూర్తిగా యాప్ పక్షమే. ఒక పొద్దున్న చేపల బుట్ట నా గుమ్మంలో దింపి, మా ఇంటికొచ్చి కూర్చున్న కూతుర్ని దులిపింది.

"ఏటే ఆ కొట్టడం, దోమని కొట్టినట్టు. పెద్ద వంజరం సేప దిగిందంటే హార్బరంతా ముసురుకుంటాది. సిన్న నెత్తళ్ళని ఎవులు సూస్తారు సెప్పు."

"నువ్వు రోజూ అమ్మీది నెత్తళ్ళే కదే అమ్మా," అంది నిఖిత.

"అందుకే సెప్తన్నాను. నన్ను ఎవులైనా ఫొటో తీసారేటి?"

నేను నెత్తళ్ళు తీసుకుని లోపలికి పోయాను. ఇలాంటి చర్చల్లో నేను తల దూర్చను.

ఆఖరి మ్యాచ్ కైలాసగిరి క్వీన్స్‌తో. ముందురోజే గవర్రాజు గారు తేల్చి చెప్పేశారు. సీజనంతా ఒక్క బంతి కూడా గోడ దాటించనివాళ్ళకు వచ్చే ఏడాది జట్టులో చోటు లేదు. అలాంటివాళ్ళు జట్టు మొత్తంలో ఒక్కరే ఉన్నారు. ఎవరో చెప్పక్కర్లేదుగా?

మైదానానికి వెళ్తూ ఆటోలో నిఖిత నన్నడిగింది. "ఆంటీ, తగిలించినా గెలుస్తాం కదా, గోడెందుకు?"

గెలవడానికీ చోటు నిలుపుకోవడానికీ సంబంధం లేదమ్మా అని చెప్పాను. ఏ ఆఫీసుకైనా వెళ్ళి అడగమన్నాను.

మ్యాచ్ సంగతంతా చెప్పి విసిగించను. చివరికొచ్చేసరికి స్కోర్లు సమానం, కొట్టే వంతు మనది. పుష్ప కొట్టిన బంతి గోడకి గుద్దుకుని వెనక్కొచ్చింది, ఆమె మూడో బేస్‌లో ఆగింది. ఆమె ఇంటికి, అంటే బయల్దేరిన చోటికి, చేరితే గెలుపే. ఆ రోజు కోచ్ వరస మార్చాడు, పుష్ప తర్వాత బ్యాటు పట్టుకుని నిఖిత వచ్చింది. నేలబారుగా చిన్నగా ఒకటి తగిలిస్తే చాలు. అలాంటివి ఆ పిల్ల నిద్రలో లేపి అడిగినా ఇస్తుంది.

సాయిశంకర్ రెండు చేతులూ ఎత్తి ఆకాశం చూపించాడు. పైన కుర్చీలోంచి గవర్రాజు గారు గోడ చూపించారు. నా పక్కన అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కొట్టీవే, ఒక్కటి కొట్టీ," అని గొణుగుతోంది.

నిఖిత కొట్టింది. తగిలించడం కాదు, కొట్టడమే! బంతి లేచి, గవర్రాజు గారి వెంచరు మీదుగా, ప్రకటనలోని ఈతకొలను మీదుగా, గోడ దాటి పోయింది. డీజే మోగింది. పొగ లేచింది. నా జీవితంలో మొదటిసారి నేను ఈల వేశాను, సరిగ్గా రాలేదు.

నిఖిత పరిగెత్తి మొదటి బేస్ తాకింది. తలెత్తి, బంతి గోడ దాటడం చూసింది. అంతే, ముఖం మాడిపోయింది. బేస్‌ల దారి వదిలేసి, పక్కనే ఉన్న గేటులోంచి బయటికి పరిగెత్తింది.

మైదానంలో ఎవరికీ అర్థం కాలేదు. పుష్ప ఇంటికి చేరింది, మేం గెలిచాం, మా నిఖిత మాత్రం లేదు! ఎక్కడికి పోయిందని సాయిశంకర్ తల పట్టుకున్నాడు. నాకూ అసిరమ్మకూ మాత్రం అర్థమైంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

కాసేపటికి వచ్చింది. ఒక చేతిలో బంతి, ఇంకో చేతిలో లడ్డూ. పెళ్ళివాళ్ళు పెట్టారట.

"ఎక్కడికెళ్ళిపోయావే," అని సాయిశంకర్ ఏడుపు గొంతుతో అడిగాడు.

"బంతి గోడ దాటిపోయింది కదా సార్. తేవాలి కదేటి."

అంపైర్లు చాలాసేపు మాట్లాడుకుని తీర్పు చెప్పారు. గెలుపు గెలుపే. కానీ కొట్టినమ్మాయి మొదటి బేస్ ఒక్కటే తాకి దారి వదిలి వెళ్ళిపోయింది కాబట్టి అది హోమ్ రన్ కాదు. పెద్ద తెరమీద నిఖిత పేరు పక్కన సింగిల్ అని పడింది. అంటే మళ్ళీ మొదటి బేసే!

గవర్రాజు గారు మాట మీద నిలబడే మనిషి. గోడ దాటిన బంతి కళ్ళతో చూసినా, తెరమీద లేనిది లేనట్టేనన్నారు. నిఖితను తీసేశారు. ఆమె చోటికి పుష్ప కంటే గట్టిగా ఊపే అమ్మాయి కోసం వెతుకుతున్నారట. ముందు వరసకు ఇంకా గాలి వస్తుంది. ఆయన్ని మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను.

నా బాధంతా కైలాసగిరి క్వీన్స్ గురించే. వాళ్ళ కోచ్ రాధ అనే ఆవిడకి యాప్ లేదు, ఉత్త కళ్ళే. మ్యాచ్ అయ్యాక గేటు దగ్గర నిఖితను ఆపి, "వచ్చే ఏడు ఖాళీయేనా అమ్మా," అని అడిగింది. అప్పుడు నిఖిత తెలియదంది. మొన్న ఫోన్ చేసి ఖాళీయేనని చెప్పేసింది. జీతం కూడా అంతే ఇస్తారట. రోజూ తగిలించేవాళ్ళందరినీ ఇలా ఏరుకుని పోగేస్తే ఆ జట్టు ఏమైపోతుంది? గెలుపులు తప్ప ఇంకేం మిగులుతాయి వాళ్ళకి?

నేను మాత్రం మారను. భారీగా కొట్టడమే కళ, గోడ దాటిన బంతే బంతి. అయితే ఆ సాయంత్రం నుంచి నాకొక చిన్న సందేహం పట్టుకుంది. సీజనంతా గోడ దాటిన బంతులన్నీ ఎవరు తెచ్చారు? కొట్టినవాళ్ళలో వెళ్ళి తెచ్చుకున్నది నిఖిత ఒక్కతేగా?

ఈ ఆదివారం మావారు బిర్యానీ వండుతానని ప్రకటించారు. ఏర్పాట్లన్నీ చేశాను. హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. మూత తీయగానే చప్పట్లు కొడతాను, ఫోనులో డీజే పాట పెడతాను, పెద్ద ఫొటో తీసి అన్ని గ్రూపుల్లోనూ పెడతాను. ఏ లోటూ రానివ్వను.

మసాలా అంటుకున్న స్టవ్వూ, మాడిన అడుగూ, సింకు నిండా గిన్నెలూ అంటారా? మాది కంచరపాలెమండీ. కొట్టినవాళ్ళే తెచ్చుకోవాలి.