కుంభకర్ణుడి బ్రేకులు

బండి కదలకుండా చేయడంలో నాకున్న అనుభవం మీలో ఎవరికీ లేదు. కదిలించాలని ప్రయత్నించిన ప్రతిసారీ నేను సాధించింది అదే. కానీ కావాలని ఆపాలనుకున్న ఆ ఒక్క రోజు ఏం జరిగిందో వినండి. నవ్వొస్తే నవ్వుకోండి. మా ఇంట్లో అందరూ నవ్వేశారు, ఇక మీ వంతు.

నా దగ్గరున్న లారీ మీకు తెలుసు. ముదురాకుపచ్చ రంగు, ఆరు చక్రాలు, ఆరింటికీ ఇంజను బలం. సైన్యం వాడి వాడి, విసుగొచ్చి వేలంలో వదిలించుకుంది. సైన్యం వదిలించుకున్నదాన్ని నేను తగిలించుకున్నాను.

మా ఆవిడ దానికి కుంభకర్ణుడని పేరు పెట్టింది. "డీజిలు తాగుతాడు, పడుకుంటాడు. లేపామా, వీధంతా లేస్తుంది" అంటుంది.

మా ఆవిడ లాండ్రీ నడుపుతుంది. ఇంటి వెనక షెడ్డులో పెద్ద పెద్ద యంత్రాలు. ఆసుపత్రుల దుప్పట్లు, ఆపరేషన్ గదుల బట్టలు అక్కడే ఉతుకుతారు. ఇంటికీ లాండ్రీకీ కలిపి ఒకటే గేటు. ఈ గేటును గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

గొడవ పొగతో మొదలైంది. ఇంజనుకు కొత్త డీజిలు పంపు బిగించి, ఎలా పలుకుతుందోనని స్టార్టు చేశాను. బాగానే పలికింది. ఆ పలుకుతో పాటు వచ్చిన నల్లటి మేఘం నేరుగా దండేల మీద ఆరుతున్న తెల్ల దుప్పట్ల మీదికి వెళ్ళింది. వాటిని చూసి ఆసుపత్రి వాళ్ళు, వీటి మీద పడుకోబెడితే రోగులు లేచి వెళ్ళిపోతారన్నారు.

"ఏవండీ, ఈ ఇంట్లో ఉతికేవాళ్ళయినా ఉండాలి, మసి పూసేవాళ్ళయినా ఉండాలి. ఇద్దరూ కుదరదు" అంది మా ఆవిడ.

"అయితే ఉతకడం మానేస్తావా?" అని అడిగాను, తన ఆరోగ్యం గురించి ఆలోచించి.

మర్నాడే కుంభకర్ణుణ్ణి అమ్మకానికి పెట్టింది.

కొనడానికి వచ్చినవాణ్ణి చూడగానే గుర్తుపట్టాను. పాత సైనిక లారీల పిచ్చి ఉన్న మాలో అతని పేరు కత్తెర. మంచి బండి కొంటాడు, ముక్కలుగా కోస్తాడు. ఇరుసులు ఒకరికి, గేర్లు ఇంకొకరికి, మిగిలింది తుక్కుకి.

కత్తెర జేబులోంచి సుద్దముక్క తీసి, నా కళ్ళ ముందే కుంభకర్ణుడి నడుము మీద గీత గీశాడు. "ఇక్కడికి కోస్తే సరిపోతుంది."

"ఇంజను బ్రహ్మాండంగా ఉందండీ. కోయడం దేనికి?"

"బ్రహ్మాండంగా ఉంది కాబట్టే. పాడైపోయినదాన్ని కోస్తే నాకేం మిగులుతుంది?" తర్వాత మా ఆవిడ వైపు తిరిగాడు. "రేపు పొద్దున వచ్చి నడుపుకుంటూ తీసుకెళ్తానమ్మా. నడవకపోతే మాత్రం బేరం లేదు."

నడవకపోతే బేరం లేదు. ఆ మాట నా చెవిలో తేనెలా దిగింది.

ఇప్పుడు మీకు కాస్త బ్రేకుల గురించి చెప్పాలి. కుంభకర్ణుడివి గాలి బ్రేకులు. సైన్యంలో ఉన్నప్పుడు గాలి పోతే బ్రేకులూ పోయేవి. నేను వెనక చక్రాలకు బలమైన స్ప్రింగులు బిగించి దాన్ని మార్చాను. గాలి ఉన్నంతసేపూ స్ప్రింగు అణిగి ఉంటుంది. గాలి పోయిందా, స్ప్రింగు చక్రాన్ని పట్టేస్తుంది, ఇక ఏనుగు లాగినా కదలదు. నేను చేసిన మార్పుల్లో సరిగ్గా పనిచేసింది ఇదొక్కటే. అందుకే దాన్నే నమ్ముకున్నాను.

సాయంత్రం లారీ కిందికి దూరి, లోపలి పక్క, చెయ్యి తప్ప చూపు పోని చోట, గాలిపైపు నట్టు ఒకటి వదులు చేశాను. గాలి మెల్లగా కారుతుంది. కత్తెర నాలుగడుగులు నడిపేలోగా చక్రాలు బిగుసుకుంటాయి. గాలి లేకుండా స్ప్రింగును వెనక్కి లాగడానికి రెండు పొడుగాటి బోల్టులుంటాయి. వాటిని బీరువా అడుగున, ఎవరూ ముట్టని నా పాత ప్యాంటు జేబులో దాచాను. పోలీసులొచ్చి వెతికినా దొరకవు.

పొద్దున కత్తెర వచ్చాడు. తాళం తిప్పాడు. ఏనాడూ పిలవగానే లేవని కుంభకర్ణుడు ఆ రోజు మొదటి పిలుపుకే లేచాడు.

నాలుగడుగులు నడిచాడు. ఆగలేదు. షెడ్డు దాటాడు, దండేలు దాటాడు. కత్తెర ఇంజనును గట్టిగా తిప్పుతున్నాడు, కారిన గాలికి రెట్టింపు గాలి కంప్రెసర్ నింపేస్తోంది. ఆ సంగతి నా పథకంలో లేదు. ఆగరా బాబూ, ఆగరా అనుకుంటూ వెనకాలే పరుగెత్తాను.

ఆగాడు. గేటు మధ్యలో.

అద్దాలు గోడకు రాసుకుంటాయేమోనని కత్తెర ఇంజను ఆపి కిందికి దిగాడు. ఎక్కడో సన్నగా ఈల వినిపించింది. తర్వాత వెనక చక్రాల దగ్గర ఠక్కుమని చప్పుడు. ముందు చక్రాలు వీధిలో, వెనక చక్రాలు మా వాకిట్లో. సీసాకు బిరడా పెట్టినట్టు గేటుకు లారీ బిగుసుకుపోయింది.

దాని వెనక, మూటలు నింపుకుని బయల్దేరబోతున్న మా ఆవిడ వ్యాను.

"ఏమైందండీ?" అంది.

"గాలి పోయినట్టుంది."

"మీకా, బండికా?"

నా మొహం చూసి సమాధానం తనే తెలుసుకుంది. కత్తెర మళ్ళీ ఇంజను స్టార్టు చేశాడు. ఈసారి నట్టు ఇంకాస్త జారినట్టుంది, గాలి ముల్లు సున్నా దగ్గరే కూర్చుని పైకి లేవనంది. కత్తెర ఇంజను కట్టేశాడు. వరండాలోంచి మా అత్తగారు, "గేటుకి తలుపులు పెట్టినవాళ్ళను చూశాను గానీ, లారీ పెట్టింది మా అల్లుడుగారే" అని మెచ్చుకున్నారు.

అప్పుడు ఫోన్ మోగింది. ఆసుపత్రి. ఆపరేషన్‌కి అంతా సిద్ధంగా ఉందట, గదిలో వేయడానికి బట్టలే లేవట. అద్దెకు ఇంకో బండి పిలిస్తే మధ్యాహ్నానికి గానీ రాదన్నారు.

నిజం చెప్పి నట్టు బిగిస్తే కత్తెర నా లారీని కోసేస్తాడు. చెప్పకపోతే ఎవరో మనిషిని డాక్టరు కోయలేడు. ఎటు చూసినా కోతే.

ఎటూ తేల్చుకోలేక పానా పట్టుకుని లారీ కిందికి దూరాను. ఏ తప్పూ లేని ముందు చక్రం దగ్గర పడుకుని, పని చేస్తున్నట్టు చప్పుడు చేయడం మొదలుపెట్టాను.

కాసేపటికి పక్కన మా ఆవిడ వచ్చి పడుకుంది. ఒక చేతిలో మగ్గు నిండా సబ్బు నురుగు, ఇంకో చేతిలో బ్రష్షు.

"ఇక్కడ ఉతకడానికేముంది?" అన్నాను.

"లైటు పట్టండి."

టార్చి నా చేతికిచ్చి, పైపుల వెంబడి నురుగు రాసుకుంటూ వెళ్ళింది. గాలి కారే చోట నురుగు బుడగ కడుతుంది, అది నేను చెప్పిన పాఠమే. "అటు కాదు, ఇటు. చెయ్యి వణకనివ్వకండి" అంటోంది. ఇన్నేళ్ళూ ఈ లారీ కింద తన చేత టార్చి పట్టించి నేనన్న మాటలన్నీ వరసగా నాకే అప్పజెబుతోంది. చూపు పోని ఆ మూల చేత్తో నురుగు పూసింది. ట్యాంకులో మిగిలిన కాస్త గాలితో ఒక బుడగ ఉబ్బి, ఉబ్బి, నా ముక్కు దాకా వచ్చి పగిలింది.

"ఈ నట్టు దానంతట అది వదులవలేదు. పానా గీత తళతళలాడుతోంది" అంది.

"కుదుపులకు వదులయ్యుంటుంది."

"కుదుపులు పానా పట్టుకుంటాయా?"

నట్టు బిగించి, ఏప్రాన్ జేబులోంచి రెండు పొడుగాటి బోల్టులు తీసి నా ఛాతీ మీద పెట్టింది. "ఇక వీటితో పని లేదు. గాలి నిండితే చాలు."

"ఇవి నీకెక్కడివి?"

"మీ పాత ప్యాంటు నిన్న రాత్రి ఉతుక్కి వేశాను. జేబు చూడకుండా ఏ బట్టా నా యంత్రంలో పడదు."

"నిన్నే తెలిసిందా? తెలిసి ఊరుకున్నావా?"

"షెడ్డు దగ్గర ఆపుతారనుకున్నాను. గేటులో ఆపేంత తెలివుందని ఊహించలేదు."

ఇద్దరం బయటికి వచ్చాం. మా ఆవిడ క్యాబిన్ ఎక్కి ఇంజను స్టార్టు చేసింది. ముల్లు లేచింది. స్ప్రింగులు నిట్టూర్చి చక్రాలను వదిలేశాయి. కత్తెర చేతులు దులుపుకుంటూ ముందుకొచ్చాడు. "భేష్ అమ్మా. ఇక దిగండి, తీసుకెళ్తా."

నేను కళ్ళు మూసుకున్నాను.

"బండి అమ్మడం లేదండీ" అంది మా ఆవిడ.

"అదేంటమ్మా, మాటంటే మాటే కదా."

"మాటే. నడవకపోతే బేరం లేదన్నారు. మీ చేతిలో నడవలేదుగా."

కత్తెర తను గీసిన గీత వైపు ఒకసారి చూశాడు. సుద్దముక్క జేబులోనే ఉంచుకుని వెళ్ళిపోయాడు.

నేను గెలిచాను. కనీసం అలా అనుకున్నాను. వ్యానులో అయితే రెండు విడతలు తిరగాలి, లారీలో అన్నీ ఒకేసారి పడతాయని మూటలన్నీ అందులోకి ఎక్కించమంది. విజయోత్సాహంతో ఎక్కించేసి, డ్రైవరు పక్క తలుపు తీశాను. మా ఆవిడ సీటులోంచి జరగలేదు.

"నువ్వు అటు జరుగు, ఆలస్యమవుతోంది."

"మీకు పెద్ద బండి లైసెన్సు ఉందా?"

లేదని తనకీ తెలుసు, మీకూ తెలుసు. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ రివర్సులో పరీక్షాధికారి కుర్చీని గుద్దడం నాకు ఆనవాయితీ.

"నీకు మాత్రం ఉందా?" అన్నాను.

చూపించింది. ఫోటోలో కూడా నన్నే చూస్తున్నట్టుంది.

"ఎప్పుడు తీసుకున్నావు?"

"ఆఖరిసారి మీరు ఫెయిలైన రోజే. తోడు వచ్చి ఊరికే కూర్చోవడమెందుకని మీ వెనకే వరసలో నిలబడ్డాను. కుర్చీ మీరు ముందే పడగొట్టారు కదా, నాకు దారి ఖాళీగా దొరికింది."

గేరు వేసింది. కుంభకర్ణుడు గోడకు గీత పడకుండా గేటు దాటి, మేకపిల్లలా వీధి మలుపు తిరిగాడు. ఆ మలుపు నా చేతిలో ఏనాడూ తిరగలేదు.

ఆపరేషన్ జరిగింది, మనిషి బాగున్నాడు. బాగులేనిది నేనే. ఇంత పెద్ద బండి చూసి ఇంకో ఆసుపత్రి కూడా బట్టలిచ్చింది. సైనిక రంగు చూసి రోగులు బెదురుతున్నారని, కుంభకర్ణుడికి తెల్ల రంగు వేయాల్సి వచ్చింది. నా చేతులతోనే వేశాను. పక్కల మీద నీలం బుడగలు కూడా గీశాను. వంకరగా వచ్చినవి మా అత్తగారు చూపుడు వేలితో చూపిస్తే చెరిపి మళ్ళీ గీశాను. పానాల పెట్టె మా ఆవిడ దగ్గరుంటుంది. కావాలంటే దేనికో చెప్పి అడగాలి.

లారీ మాత్రం నాదేనర్రా. పోలేదు, కోయలేదు, ఇంట్లోనే ఉంది. నేను కోరుకున్నది అదేగా.

ఆ హారన్ విన్నారా? మా ఇంటిదే. మా ఆవిడ మాసిన మూటలతో తిరిగొచ్చింది, దించడానికి పిలుస్తోంది. వస్తాను మరి. ఆలస్యమైతే రెండోసారి కొడుతుంది. అప్పుడు అత్తగారు కూడా బయటికొస్తారు.