పిల్లి నడక మాహాత్మ్యం

చప్పుడు చేస్తూ నడిచేవాళ్లను ఈ దేశంలో ఉండనివ్వకూడదు! నాగరికత అంటే పిల్లి నడకే. కాదంటారా? అయితే మీకు ఇంగ్లీషు రాదన్నమాట.

నాకూ రాదు. తెలుగు అక్షరాలే నలభై దాటాక వయోజన పాఠశాలలో దిద్దుకున్నాను. ఇంగ్లీషులో మాత్రం ఒక్క మాట వచ్చు: పుస్సీఫుట్. మా పంతులు పద్మనాభయ్యగారు చెప్పారు. పుస్సీ అంటే పిల్లి, ఫుట్ అంటే పాదం. వెనకటికి అమెరికాలో సారా అమ్మేవాళ్ల మీద పిల్లిలా చప్పుడు లేకుండా వెళ్లి పడే అధికారి ఒకాయన ఉండేవాడట. జనం ఆయనకు ఆ పేరు తగిలించారట. ఇప్పుడు ఏ సంగతీ తేల్చకుండా మెత్తగా తప్పుకునేవాళ్లను కూడా అలాగే అంటారట.

నడకకు ఇంత గౌరవమా! బొట్టు తీసేసిన నాటి నుంచి నేనూ అలాగే నడుస్తున్నానే, నాకెవరూ బిరుదు ఇవ్వలేదే! పెళ్లివారు బయల్దేరితే గోడవార, పడవ నీళ్లలోకి తోస్తుంటే గుడిసె వెనక. ఎవరికీ ఎదురు రాకుండా వాకాడు సంతకు పోయి రావడం ఆ అమెరికా దొరకు చేతనవుతుందా?

మన ప్రభుత్వం మాత్రం తక్కువ తిన్నదా? మద్యనిషేధం అమలుకని మా సముద్రపు పల్లెకూ ఒక పిల్లిపాదాలవారిని పంపింది. ఎంత మెత్తని ఇన్‌స్పెక్టరు! తెల్లటి కాన్వాసు బూట్లు. జీపు ఊరి బయటే ఆపేస్తారు. ఆయన అడుగుల చప్పుడు ఎవరికీ వినిపించదు. ఆయన వస్తున్న సంగతి మాత్రం సరుగుడు తోపులో సారా కాచే ముత్యాలయ్యకు ముందురోజే తెలుస్తుంది. అది వేరే విషయం.

మా పక్కింటి అంకాలమ్మకే ఈ మెత్తదనం అర్థం కాదు. ఆమె మొగుడు ఓబయ్య ఉన్న ఒక్క వలనూ సగానికి కోసి, ముత్యాలయ్యకిచ్చి తాగేశాడు. "ఆ మిగిలిన సగం గూడా పోతే పిలకాయలకి ఏం పెట్టేదక్కా?" అని ఏడుస్తుంది. ఆమె అర్జీ పెట్టుకుంటేనే ఇన్‌స్పెక్టరుగారు దాడికి బయల్దేరారు.

నా ఖర్మ, ఖాళీ బిందెతో ఎదురుపడ్డాను! ఆయన టక్కున ఆగారు. "ఛీ, విధవ ఎదురొచ్చింది. ఈ పూటకు వద్దురా" అని జవానుతో అని వెనుదిరిగారు.

"ఏందక్కా, నీకు ఇప్పుడే నీళ్లు కావాల్సొచ్చినాయా?" అంది అంకాలమ్మ. తప్పు నాదే మరి!

ఆయన మళ్లీ వచ్చిన రోజు తలుపు వేసుకుని కూర్చున్నాను. ఈసారి పిల్లి ఎదురైందట. పిల్లిపాదాలవారు పిల్లిని చూసి వెనక్కి పోయారు! శకునాల మీద ఇంత గురి ఉన్న అధికారి ఇంకే జిల్లాకైనా దొరుకుతాడా?

మొన్న సాయంత్రం తోపు దారిలో మళ్లీ ఆయనే. జవాను లేడు, చేతిలో సంచి ఉంది. తప్పుకునేలోపే ముఖాముఖి అయ్యాం. అయ్యో, పాపం మళ్లీ వెనక్కి పోతారే అని నేనే బాధపడ్డాను. ఆయన ఆగలేదు. "ఏమ్మా, బాగుండావా?" అని నవ్వి, నన్ను దాటుకుని ముత్యాలయ్య పాకలోకి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు బూట్లు చప్పుడు చేయలేదు కానీ, సంచిలో సీసాలు చేశాయి.

నా మహిమ అప్పుడు తెలిసింది నాకు. నా మొహం దాడికి అపశకునం, మామూళ్లకు శుభశకునం!

ఈ సంగతి అంకాలమ్మకు చెప్పాను. ఆమె లేచి పల్లెలోని ఆడవాళ్లందర్నీ పోగేసింది. తెల్లవారగానే రోకళ్లు పట్టుకుని తోపులోకి పోయి, సారా కుండలు పగలగొట్టాలని అనుకున్నారు. శుభమా అని బయల్దేరేవాళ్లకు అడ్డమెందుకని నేను అలవాటుగా గోడవారకు జరిగాను.

"ఆడేం జేస్తన్నావక్కా? రేపు ముందు నడిచేది నువ్వే" అంది అంకాలమ్మ.

ఇంటికొచ్చి, అటక మీదున్న మా ఆయన కిర్రుచెప్పులు దించాను. దుమ్ము దులిపాను. కిర్రు తగ్గుతుందని నూనె మాత్రం రాయలేదు.