డి సెక్షన్ మహాభాగ్యం

పదకొండో ఏటికల్లా మన తెలివి ఎంతో బడివారే తేల్చి చెప్పడం కన్నా మహాభాగ్యం ఇంకోటి ఉంటుందా! పూర్వం ఆ సంగతి తెలుసుకోవడానికి ఒక జీవితకాలం పట్టేది. కొందరికి పెళ్లయ్యాక తెలిసేది, కొందరికి వ్యాపారంలో మునిగాక తెలిసేది. డెబ్బై ఎనిమిదిలో గౌలిపురలోని ఒక సర్కారు హైస్కూల్లో మాత్రం హెడ్మాస్టర్ బాబురావు గారు ఆ పనిని పది నిమిషాల్లో ముగించారు.

పద్ధతి చాలా సులువు. ఆరో తరగతిలో కొత్తగా చేరిన రెండు వందల మందిని ఎండలో కూర్చోబెట్టి పది ప్రశ్నలు ఇచ్చారు. ఎనిమిది సరిగ్గా రాస్తే ఏ సెక్షన్. ఆరు రాస్తే బి. నాలుగు రాస్తే సి. మిగిలినవాళ్లు డి. జ్వరమొచ్చి రానివాళ్లు కూడా డి! తెలివైనవాడికి పరీక్ష రోజునే జ్వరమెందుకు వస్తుందని సారు అడిగారు.

ప్రశ్నలు కూడా బుర్రను గీటురాయి మీద పెట్టేవే. సూర్యుడు ఎక్కడ ఉదయించును అంటే, ఒకడు రోజూ కళ్లారా చూస్తున్నదే రాశాడు, మా ఇంటెనక అని. వాడు సి లోకి వెళ్లాడు. పాలలో ఏముండును అంటే, పాలమ్మే ఆగమ్మ మనవరాలు లీల ఒక్క ముక్కలో తేల్చేసింది. నీళ్లు, అని రాసింది. ఆమె డి లోకి వెళ్లింది.

ఆగమ్మకు ఈ కబురు తెలిసినప్పుడు ముందు కోపం వచ్చింది సెక్షన్ మీద కాదు, మనవరాలి మీద. తొమ్మిది బర్రెలున్న కొట్టం ఆమెది. తెల్లవారుతూనే సంతోష్‌నగర్ దాకా నడిచి పాలు పోసి వస్తుంది. ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలు ఊరికే అన్నారా? హెడ్మాస్టరింటికి పాలు పోసేది తానే కదా! ఆ కాయితం చదివి సారు ఇంట్లో ఏమనుకున్నారో అని ఆమె రెండు రోజులు ఆ గడప తొక్కలేదు, కొడుకును పంపింది.

మూడో రోజున అసలు దిగులు పట్టుకుంది. ఆ ఇంట్లో లీలకు తప్ప ఎవరికీ అక్షరం ముక్క రాదు. లీల పది పాసై ఏదైనా ఆఫీసులో కుర్చీ మీద కూర్చోవాలని ఆగమ్మ ఆశ. కుర్చీ కావాలంటే లెక్కలు రావాలని ఆమెకు ఎవరో చెప్పారు. డి సెక్షన్ పిల్లకు లెక్కలు వస్తాయా రావా? ఆమెకు తెలియాల్సింది అదొక్కటే.

ఇక్కడే ఆగమ్మ అజ్ఞానం బయటపడుతుంది. సెక్షన్ల వల్ల గౌలిపురకు ఎంత మేలు జరిగిందో ఆమె గమనించనే లేదు. బేగంబజార్‌లో స్టీలు సామాను టోకుగా అమ్మే వైకుంఠం తన కొడుకు టిఫిన్ డబ్బా మీద పేరు పక్కనే ఆరు-ఏ అని కొట్టించాడు. మంచినీళ్ల గ్లాసు మీద కూడా కొట్టించాడు. సి సెక్షన్ పిల్లలతో తన కొడుకు గోలీలు ఆడకుండా కాపలా పెట్టాడు. గోలీలాటలో తెలివి కారిపోతే మళ్లీ ఎవరు తెచ్చిస్తారు?

ఇక చదువుల ఏర్పాటు చూడండి, ముచ్చటేస్తుంది. బడి మొత్తానికి లెక్కలు చెప్పే సోమయ్య సారు ఏ సెక్షన్‌కు రోజూ వస్తాడు. బి సెక్షన్‌కు మంగళ, శుక్రవారాలు వస్తాడు. సి సెక్షన్‌కు రాడు కానీ, ఏ సెక్షన్‌కూ దానికీ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడను ఆనుకుని కూర్చున్నవాళ్లకు సగం లెక్కలు వినిపిస్తాయి. జవాబు వినిపించేలోపు గంట కొడతారు, అది వేరే సంగతి.

డి సెక్షన్ బడి వెనక రేకుల షెడ్డులో, విరిగిన బెంచీల సరసన ఉంది. అక్కడికి సోమయ్య సారు గొంతు కూడా చేరదు. డ్రిల్లు మాస్టారు ఇస్సాకు తీరిక దొరికినప్పుడు వచ్చి అటెన్షన్ అంటాడు, కాసేపయ్యాక స్టాండెటీజ్ అంటాడు. నెల తిరిగేసరికి డి సెక్షన్ పిల్లలకు కుండల్లో నీళ్లు నింపడం, బెంచీలు తుడవడం, గంట కొట్టడం వచ్చేశాయి. ఏ సెక్షన్‌లో ఒక్కడికైనా గంట కొట్టడం వచ్చా?

ఇంత వైభవాన్ని కాదని ఆగమ్మ ఒకరోజు మధ్యాహ్నం, చేతులు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, హెడ్మాస్టర్ గదికి వెళ్లింది. బాబురావు గారు ఆమెను మర్యాదగానే స్టూలు మీద కూర్చోమన్నారు. చురుకైనవాళ్లను మందకొడివాళ్లతో కలిపితే ఇద్దరికీ నష్టమని, చురుకైనవాళ్లకు మంచి సారును ఇస్తే బడికి పేరొస్తుందని, ఇది పిల్లల మేలు కోసమేనని ఓపికగా పావుగంట వివరించారు.

ఆగమ్మ అంతా విన్నది. అర్థమైంది కూడా. అందుకే అడిగింది.

“బక్క బర్రెకు మేము దాణ ఎక్కువేస్తం సారూ. మంచిగ పాలిచ్చేది ఓ పూట గడ్డి మీదనే ఉన్నా నడుస్తది. మీ బడిల గిట్ల ఉల్టా ఉన్నదేంది?”

బాబురావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్టర్లెవరూ అడగని ప్రశ్న అది. ఆయన చెడ్డ మనిషి కాదు. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి నిజం చెప్పేశారు.

“నాకు నాలుగు సెక్షన్లున్నయి ఆగమ్మా. లెక్కల సారు ఒక్కడే ఉన్నడు. సారు లేడంటే మీరందరు వచ్చి లొల్లి చేస్తరు. మీ పిల్లకు తెలివి లేదంటే తల వంచుకొని ఇంటికి పోతరు.”

చూశారా ఎంత గొప్ప ఉపాయమో! ఒక మాస్టారు లేని లోటును నూట యాభై మంది పిల్లల బుర్రలకు సమానంగా పంచేశారు. అయినా ఆగమ్మకు కడుపు మండింది. నెల రోజులుగా తన మనవరాలు మొద్దని తానే నమ్మిందే, దానిని రెండుసార్లు కొట్టింది కూడా కదా అని ఏడుపొచ్చింది. మరునాడు పాలు పోసిన ప్రతి ఇంట్లో ఈ సంగతి కూడా చెప్పింది. ఆ ఇళ్లవాళ్లు పక్క ఇళ్లకు చెప్పారు.

పది గంటలకల్లా బడి గేటు దగ్గర తల్లులు, తండ్రులు, ఒక తాత కూడా చేరారు. మా పిల్లను ఏ లో వేయమని అందరిదీ ఒకటే మాట. బాబురావు గారు మంచివారని ముందే చెప్పానా, ఎవరి మాటా కాదనలేదు. సాయంత్రానికి పెయింటరు వచ్చాడు. నాలుగు గదుల మీదా ఆరు-ఏ అని రాసి వెళ్లాడు. షెడ్డు మీద రేకు వంకరగా ఉండడంతో అక్కడ అక్షరం కాస్త పక్కకు వాలింది, అంతే.

గౌలిపురలో ఆ రాత్రి పండగే! అందరి పిల్లలూ తెలివైనవాళ్లయ్యారు. ఒక్క వైకుంఠం మాత్రం, ఇక మా డబ్బాకు విలువేముందని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆగమ్మ వారం రోజులు వీధంతా తలెత్తుకుని నడిచింది.

ఎనిమిదో రోజు లీలను, ఈ వారం లెక్కల్లో ఏం చెప్పారే అని అడిగింది. అటెన్షన్ చెప్పిండ్రు అవ్వా, అని లీల నిటారుగా నిలబడి చూపించింది. షెడ్డు మారలేదు, ఇస్సాకు మారలేదు, సోమయ్య సారు ఇప్పటికీ మొదటి గదిలోనే ఉన్నాడు.

ఆగమ్మ మళ్లీ హెడ్మాస్టర్ గదికి పరుగెత్తింది. బాబురావు గారు ఈసారి ఒక కాయితం తీశారు. ఆ తల్లిదండ్రుల లొల్లి చూశాక ఆయన ధైర్యం చేసి, మరో లెక్కల మాస్టారు కావాలని పై ఆఫీసుకు రాసుకున్నారు. బడిలో ఇప్పుడు అందరూ ఏ సెక్షనే అని కాస్త గర్వంగా కూడా రాశారు. దానికి ఎన్నడూ లేనిది వారంలోనే వచ్చిన జవాబును ఆమెకు చదివి వినిపించారు. పిల్లలందరూ తెలివిగలవారేనని తెలిసి మిక్కిలి సంతోషించితిమి, కావున ఇంకొక ఉపాధ్యాయుని అవసరము లేదని నిర్ణయించడమైనది, అని ఉంది అందులో.

ఆగమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని అంది.

“గట్లయితే మా పొల్ల మొద్దని రాసి పంపుండ్రి సారూ. అప్పుడన్నా ఓ సారును పంపుతరేమో.”